శిఖరాగ్ర హరికథ: ఉత్సవ నిర్వాహకులకు కొన్ని సూచనలు

కొండలెక్కినవారూ, దూరాలు పరుగెత్తినవారూ ఉత్సవాల్లో వేదికెక్కి చేసే స్ఫూర్తి ప్రసంగం ఆషామాషీ వ్యవహారం కాదు. కెనడాలోని బాన్ఫ్‌లో 1976లో, ఇంగ్లండ్‌లోని కెండల్‌లో 1980లో పర్వత ఉత్సవాలు మొదలయ్యాయి. ఇన్నేళ్లలో ఈ ప్రసంగానికి మన హరికథకున్నంత కట్టుబాటు ఏర్పడింది. దాసుగారికి చిడతలు, వీరికి స్లైడ్లు మార్చే క్లిక్కరు. దాసుగారికి పిట్టకథ, వీరికి చిన్నప్పుడు టీచరు ‘నువ్వు దేనికీ పనికిరావు’ అన్న ఘట్టం. ఆ టీచర్లే లేకపోతే కొండలన్నీ ఎక్కేవాళ్లు లేక బోసిపోయేవి.

నలభై నిమిషాల ప్రసంగంలో శిఖరం మీద జెండా పట్టుకున్న ఫొటో 38వ నిమిషంలో రావాలి. ముందే వేస్తే జనం టీకి లేచిపోతారు. అంతకంటే ముఖ్యమైన జాగ్రత్త మరొకటుంది: పనికొచ్చే వివరం ఒక్కటీ నోరు జారకూడదు. జారిందా, పాలల్లో నిమ్మచుక్క పడ్డట్టు స్ఫూర్తి విరిగిపోతుంది.

ఆక్సిజన్ సంగతే చూడండి. ‘ప్రతి శ్వాసా ఒక యుద్ధం’ అని ఆగిపోవాలి. నాలుగు లీటర్ల సిలిండర్ను 300 బార్ల ఒత్తిడితో (నేల మీది గాలి ఒత్తిడికి దాదాపు 300 రెట్లు) నింపితే దాదాపు 1,200 లీటర్ల ఆక్సిజన్ పడుతుందని, నిమిషానికి 2 లీటర్ల చొప్పున పది గంటలు వచ్చేది 4కి తిప్పితే ఐదు గంటలకే ఖాళీ అవుతుందని చెప్పకూడదు. ఊపిరిలోని తేమ మాస్కు వాల్వులో గడ్డకడితే సిలిండర్ నిండుగా ఉన్నా గాలాడదని, మధ్యమధ్యలో ఆ మంచు రాల్చుకోవాలని అసలే చెప్పకూడదు. చెబితే యుద్ధం కాస్తా గ్యాస్‌బండ లెక్కలోకి దిగుతుంది.

దిగడానికి సరిపడా ఆక్సిజన్, వెలుతురు మిగలాలి కాబట్టి ఫలానా గంటకల్లా, సాధారణంగా మధ్యాహ్నం రెండింటికి, ఎక్కడున్నా వెనక్కి తిరగాలన్నది కొండ మీద మొదటి పాఠం. దాన్ని పాటించి శిఖరానికి వంద మీటర్ల కింద నుంచే తిరిగొచ్చినవాడిని మాత్రం వేదిక మీదికి పిలవకండి. అతని దగ్గర పాఠం ఉంటుంది గానీ ఫొటో ఉండదు.

షెర్పాలకు ఒక స్లైడు చాలు. నవ్వుతున్న ముఖం ఉండాలి, పేరు అక్కర్లేదు. ఎవరెస్ట్ దారిలో పగుళ్లతో నిండి కదులుతూ ఉండే ఖుంబు మంచుపాతం మీద నిచ్చెనలు వేసిందెవరు, తాళ్లు బిగించిందెవరు, గుడారాలూ సిలిండర్లూ మోస్తూ అదే దారిలో ఎన్నిసార్లు తిరిగారు అన్నవి ‘నేను ఎక్కాను’ అనే వాక్యంలో పట్టవు. 2014 ఏప్రిల్ 18న అక్కడ మంచు విరిగిపడి చనిపోయిన 16 మందీ నేపాలీ కార్మికులే. ఇలాంటిది స్లైడెక్కితే చప్పట్లు ఎక్కడ కొట్టాలో జనానికి తెలియదు.

అదే ఏడాది మే 25న మన మాలావత్ పూర్ణ 13 ఏళ్ల 11 నెలల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది. అందులో స్లైడుకు పనికొచ్చేది వయసొక్కటే. నేపాల్ 16 ఏళ్ల లోపువారికి అనుమతి ఇవ్వదు కాబట్టి టిబెట్ వైపు నుంచి ఎక్కిందని, భువనగిరి బండ మీద మొదలైన శిక్షణ డార్జిలింగ్, లడఖ్ దాకా సాగిందని చెబితే ‘కల కంటే చాలు’ అన్న మాట ఏం కావాలి?

ఇక దూరాలు పరుగెత్తేవారు. ‘శరీరం ఆగిపోయింది, మనసు నడిపించింది’ అన్న వాక్యం 30వ కిలోమీటరు దగ్గర వాడాలి. నిజానికి అక్కడ అయిపోయింది కండరాల్లో దాచుకున్న గ్లైకోజెన్ అనే చక్కెర నిల్వ. మొదటి గంట నుంచే గంటకు 60 గ్రాముల దాకా పిండిపదార్థం లోపలికి వెళ్తూ ఉంటే మనసుకు అంత శ్రమ ఉండేది కాదు. ఉప్పు సంగతి మరిచి కడుపు నిండా మంచినీళ్లే తాగితే రక్తంలో సోడియం పలచబడి, వేళ్లు ఉబ్బి, మనిషి తూలతాడు. ప్రసంగంలో దీన్ని ఆత్మజ్ఞానం కలిగిన క్షణం అంటారు.

ఊడిన కాలిగోరు ఫొటో తప్పనిసరి. దిగుడులో పాదం ముందుకు జారి వేలు బూటు ముక్కుకు గుద్దుకోవడం వల్ల అది ఊడింది. గోరు పొట్టిగా కత్తిరించుకుని, అర సైజు పెద్ద బూటు తొడిగి, మడమ కదలకుండా లేసు బిగిస్తే దక్కేదే. కానీ గోరు దక్కితే స్లైడు దక్కదు.

ప్రశ్నలకు ఐదు నిమిషాలు మించి ఇవ్వొద్దు. అసలు ప్రమాదం అక్కడే పొంచి ఉంటుంది. ‘పైన దొడ్డికి ఎలా వెళ్తారండీ?’ అని ఎవరో ఒకరు అడిగి తీరతారు. అంతసేపూ కళ్లు తుడుచుకున్న వక్త ఠక్కున మామూలు మనిషైపోతాడు. దొడ్డికి వాడే సంచిలో ఒక పొడి ఉంటుందని, అది తడిని గడ్డకట్టించి వాసన ఆపుతుందని, 2024 నుంచి ఎవరెస్ట్ మీద ఆ సంచిని కొండ కింది మకామైన బేస్‌క్యాంపుకు తిరిగి మోసుకురావాలనే నియమం వచ్చిందని చెబుతాడు. తాడుకు తగిలించుకునే పట్టీల చట్రం హార్నెస్‌లో నడుం పట్టీ విప్పకుండా వెనక కొక్కేలు మాత్రమే ఎలా తీయాలో, మందపాటి గ్లవుజులతోనే జిప్పు లాగడం ఇంటి దగ్గరే ఎందుకు అలవాటు చేసుకోవాలో చేతులతో చూపించడం మొదలుపెడతాడు. జనం ఫోన్లు పక్కన పెడతారు. వెనక వరుసలో ఇద్దరు పెన్నులు తీస్తారు. వ్యాఖ్యాత ఆ క్షణంలోనే మైకు లాక్కుని డ్రోన్ వీడియో వేయించాలి.