జరిమానాకూ వాయిదాలా?

లండన్‌కూ దాని పరిసరాలకూ నీరిచ్చే థేమ్స్ వాటర్ కంపెనీ మీద 2025 మేలో 12.27 కోట్ల పౌండ్ల జరిమానా వేసినప్పుడు ఇంగ్లండ్, వేల్స్‌ల నీటి నియంత్రణ సంస్థ ఆఫ్‌వాట్ చేసిన హడావిడి అంతా ఇంతా కాదు. తమ చరిత్రలోనే ఇది అతి పెద్దదని చాటుకుంది. దీన్ని కంపెనీ, దాని పెట్టుబడిదారులు భరించాల్సిందే తప్ప వినియోగదారుల మీద వేయడానికి వీల్లేదని హుంకరించింది. మూడు నెలలు తిరిగేసరికి అదే ఆఫ్‌వాట్ అదే కంపెనీతో కూర్చుని వాయిదాల ఒప్పందం రాసుకుంది. ముందుగా 20 శాతం, అంటే 2.45 కోట్ల పౌండ్లు కడితే చాలట. తక్కినది కంపెనీ అప్పుల వ్యవహారం ఓ కొలిక్కి వచ్చాక చూసుకుంటారట. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిన కూర్చున్నా ఫర్వాలేదని ఊరికే అనలేదు.

కంపెనీ కుప్పకూలితే 1.6 కోట్ల మంది వినియోగదారుల బాధ్యత ప్రభుత్వం నెత్తిన పడుతుందని, అందుకే కాస్త వెసులుబాటు ఇచ్చామని సమర్థించేవారు అంటున్నారు. ఆ భయం ఉత్తిది కాదు. కానీ లెక్క చూడండి. కంపెనీ నెత్తిన ఉన్న అప్పు దాదాపు 1,700 కోట్ల పౌండ్లు. జరిమానా అందులో ఒక శాతం కూడా లేదు. గట్టెక్కడానికి 2025లో కోర్టు అనుమతితో కుదుర్చుకున్న 300 కోట్ల పౌండ్ల రుణానికి వడ్డీ 9.75 శాతం. అందులో సగం మీద ఏడాదికి అయ్యే వడ్డీయే ఈ జరిమానాను దాటిపోతుంది. రుణదాతలకు అంత వడ్డీ కట్టడానికి తలూపిన కంపెనీకి జరిమానా దగ్గరే చేతులు రావడం లేదు. పైగా ఈ జరిమానాలో 1.82 కోట్ల పౌండ్లు నిబంధనలు కాలరాసి డివిడెండ్లు పంచినందుకు వేసినవి. వాటాదారులకు పంచేటప్పుడు లేని వాయిదాలు ఇప్పుడెలా పుట్టుకొచ్చాయి?

మా ఆందోళన ఈ ఒక్క కంపెనీ గురించి కాదు, దీనితో స్థిరపడబోతున్న ఆనవాయితీ గురించి. ఇంగ్లండ్, వేల్స్‌లలో నీటి సరఫరాను 1989లో ప్రైవేటుపరం చేసినప్పుడు సామర్థ్యం, పోటీ అంటూ ఎన్నో మాటలు చెప్పారు. ఇన్నేళ్లయినా ఇంటి కుళాయికి నీరిచ్చే కంపెనీని మార్చుకునే హక్కు అక్కడి కుటుంబానికి లేదు. ఇంగ్లండ్‌లో 2017 ఏప్రిల్ నుంచి వ్యాపార సంస్థలకు మాత్రం ఎంపిక ఇచ్చారు. అదీ బిల్లు వేసి, మీటరు చూసి, ఫిర్యాదులు వినే రిటైలరును మార్చుకునే అవకాశమే. పైపు పాతదే, అందులో నీరూ పాత కంపెనీదే. స్కాట్లండ్‌లో నీటి సంస్థ ప్రభుత్వం చేతిలోనే ఉంది. అయినా ఈపాటి ఎంపిక అక్కడ 2008లోనే వచ్చింది. గృహ వినియోగదారుల విషయంలో పోటీ అన్నది ఆఫ్‌వాట్ కాగితాల మీదే జరుగుతుంది. కంపెనీలను ఒకదానితో ఒకటి పోల్చి, అయిదేళ్లకోసారి ధరలకు హద్దులు గీస్తారు. నచ్చని కంపెనీని జనం వదిలిపోలేని చోట దాన్ని భయపెట్టగలిగేది జరిమానా ఒక్కటే. ఆ జరిమానా కూడా అప్పుల్లో ఉన్నవాడికి వాయిదాల మీద, వీలు చూసుకుని కట్టే వ్యవహారమైతే ఇక నియంత్రణ దేనికి?

ఇదే 2025లో యార్క్‌షైర్ వాటర్ 4 కోట్ల పౌండ్లకు, ఆంగ్లియన్ వాటర్ 6.28 కోట్ల పౌండ్లకు ఆఫ్‌వాట్‌తో రాజీ ప్యాకేజీలు కుదుర్చుకున్నాయి. ఇప్పుడు అవి ఏమనుకోవాలి? ఒళ్లు దాచుకోకుండా ఒప్పుకున్నందుకు తామే వెర్రివాళ్లమైపోయామని కాదా? మరో నాలుగు వందల కోట్లు అప్పు చేసి ఉంటే తమకూ గడువు దొరికేదేనని అనుకోరా? థేమ్స్ రుణదాతలైతే అప్పుడే ఇంకో మెట్టెక్కారు. కంపెనీని ఆదుకోవాలంటే రాబోయే జరిమానాల్లోనూ సడలింపు కావాలని షరతు పెట్టారు. ఒకసారి తలుపు తీశాక వద్దనడానికి ఆఫ్‌వాట్‌కు ముఖమెక్కడిది?

అటు వినియోగదారుడి సంగతి చూస్తే, ఇంగ్లండ్, వేల్స్‌లలో సగటు వార్షిక బిల్లు 2025 ఏప్రిల్‌లో ఒక్కసారిగా 123 పౌండ్లు పెరిగి 603 పౌండ్లకు చేరింది. థేమ్స్ పరిధిలో పెంపు 31 శాతం. మా ఆర్థిక పరిస్థితి కుదుటపడ్డాక పెంచండి అని ఏ కుటుంబమూ అడగలేదు, అడిగినా వినేవారు లేరు. బిల్లు కట్టలేదని ఇంటికి నీళ్లు ఆపకూడదన్న 1999 నాటి చట్టం మంచిదే. సేవాలోపాలకిచ్చే పరిహారాన్ని 2025 జూలైలో పెంచడమూ మంచిదే. ఇవేవీ కంపెనీ బాకీని వాయిదా వేయడానికి సాకులు కావు.

ఆఫ్‌వాట్‌ను రద్దు చేసి, నీటి రంగమంతటికీ ఒకే నియంత్రణ సంస్థ తేవాలని నీటి రంగంపై ప్రభుత్వం వేసిన కన్లిఫ్ కమిషన్ 2025లో సూచించింది. ప్రభుత్వం సరేనంది. బోర్డు మార్చినంత మాత్రాన ఈ ఒప్పందం చెరిగిపోదు. కొత్త సంస్థ ముందు కూర్చునే ప్రతి కంపెనీ న్యాయవాదీ మొదట తీసి చూపించే కాగితం ఇదే అవుతుంది. కాబట్టి మిగిలిన 80 శాతాన్ని పెట్టుబడిదారుల నుంచి ఇప్పుడే రాబట్టాలి. ఎలాగూ పోయేవాళ్లం, మనకెందుకీ తలనొప్పి అని ఆఫ్‌వాట్ పెద్దలు అనుకుంటున్నారేమో. వారి జీతాలకు కంపెనీలు కట్టే లైసెన్సు ఫీజు చివరికి వసూలయ్యేది ఆ 603 పౌండ్ల బిల్లులోంచే. దాన్ని మాత్రం ఎవరూ వాయిదాల్లో చెల్లిస్తామనలేదు.