ఆముదపు చెట్టు సిద్ధాంతం

అమెరికా పడమటి ఎడారుల్లో కారు యాత్ర చేసి వచ్చినవాళ్ళు ముందుగా గ్రాండ్ కాన్యన్ గురించే చెబుతారు. చెప్పుకోనివ్వండి, పాపం. కానీ ఒక్క నిమిషం పక్షపాతం లేకుండా ఆలోచించండి. ఆ లోయ ఏం కష్టపడిందని? కొలరాడో నది 50, 60 లక్షల ఏళ్ళు తన దారిన తాను పోయింది, గొయ్యి పడింది. దానికోసం ఎవరూ అప్పు చేయలేదు, బోర్డు రాయించలేదు, కరెంటు బిల్లు కట్టలేదు. అదే కాలిఫోర్నియాలో బేకర్ అనే చిన్న ఊళ్ళో ఒక మనిషి 134 అడుగుల థర్మామీటర్ నిలబెట్టాడు. న్యాయంగా అయితే దండ ఎవరి మెడలో పడాలి?

టూరిజం మీద ఇన్ని సెమినార్లు జరుగుతాయి కదా. న్యూ మెక్సికోలో అలమొగోర్డో దగ్గర రోడ్డు పక్కన 30 అడుగుల పిస్తాకాయ నిలబడి ఉంది. దాని మీద ఒక్క పండితుడైనా పెదవి విప్పాడా? ఈ నిర్లక్ష్యం చూడలేకే నేను కలం పట్టాను. మొన్న ఎండాకాలం మా బావమరిది కుటుంబంతో కలిసి వ్యాను అద్దెకు తీసుకుని వేల మైళ్ళు తిరిగి, చూడదగినవి వదిలేసి, చూడనక్కర్లేనివన్నీ చూసి వచ్చిన అనుభవంతో రాస్తున్నాను.

ముందు సిద్ధాంతం. ఏ చెట్టూ లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షమని పెద్దలు ఊరికే అనలేదు. ఎడారిలో రాగి, వెండి, బోరాక్స్ దొరుకుతాయని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు. అసలు ఖనిజం వాళ్ళ కంటపడలేదు. దాని పేరు విసుగు. మూడు గంటలు ఒకటే రంగు నేల, ఒకటే రకం పొద, ముందు ఒకటే లారీ వెనుకభాగం చూసిన మనిషి ఏ స్థితిలో ఉంటాడంటే, రోడ్డు పక్కన బోర్లించిన బకెట్ కనిపించినా దాని చరిత్ర అడుగుతాడు. ఆ విసుగును తవ్వుకుని బతికే పరిశ్రమే ఈ వింతలన్నీ. ఇసుకను పిండి నూనె తీయడం కుదరదంటారు గానీ, ఇక్కడివాళ్ళు తీశారు, డబ్బాలకెత్తి గిఫ్ట్ షాపులో అమ్మారు కూడా.

థర్మామీటర్ సంగతే చూడండి. 1913 జులై 10న డెత్ వ్యాలీ అనే ఎడారి లోయలో 134 డిగ్రీల ఫారెన్‌హీట్ నమోదైంది. సెల్సియస్‌లో 56.7. ప్రపంచ రికార్డు. ఆ రికార్డును గౌరవిస్తూ డిగ్రీకి అడుగు చొప్పున విల్లిస్ హెరన్ అనే స్థానిక వ్యాపారి 1991లో ఈ స్తంభం కట్టించాడు. కట్టిన కొన్నాళ్ళకే పెనుగాలికి విరిగి పడింది. ఇంకొకడైతే దణ్ణం పెట్టి ఊరుకునేవాడు. ఈయన మళ్ళీ నిలబెట్టాడు. మళ్ళీ ఊగుతోందని లోపల కాంక్రీటు పోయించాడు. తరవాత చేతులు మారి, కరెంటు ఖర్చు భరించలేక దీపాలు ఆర్పేస్తే, ఆయన కుటుంబమే తిరిగి కొని 2014లో వెలిగించింది. పట్టుదల మీద పిల్లలకు పాఠం రాయాలంటే సాలెపురుగు దాకా వెళ్ళనక్కర్లేదు.

మేం వెళ్ళినప్పుడు అది 111 చూపిస్తోంది. కారు డ్యాష్‌బోర్డు మీదా అదే అంకె, చల్లటి ఏసీలో కూర్చుని హాయిగా చదువుకోవచ్చు. అయినా తలుపులు తీసుకుని ఆరుగురం దిగాం. రబ్బరు చెప్పులు తారుకు అంటుకుని చప్పుడు చేస్తున్నాయి. మా ఆవిడ సెల్‌ఫోన్ వేడెక్కి కెమెరా తెరవనని మొరాయించింది. నీడ ఉన్నది ఒక్క థర్మామీటర్‌దే. అదీ గజం వెడల్పు కూడా లేదు. అందులోనే వరసగా ఒకరి వెనక ఒకరం నిలబడ్డాం, రేషన్ క్యూలో లాగా. మా మేనల్లుడు తొమ్మిదేళ్ళవాడు. తలెత్తి చూసి, “మామయ్యా, వేడిగా ఉందని మనకి తెలుసు కదా?” అన్నాడు. వాడికింకా పర్యాటక దృష్టి అలవడలేదు. పెద్దయ్యాక అదే వస్తుంది.

ఆ పక్కనే ఇంకో తీర్థం. హైవే మీద జైజిక్స్ రోడ్ అని బోర్డు ఉంటుంది. ఇంగ్లిష్‌లో జెడ్, జెడ్, వై, జెడ్, ఎక్స్. కర్టిస్ స్ప్రింగర్ అనే రేడియో ప్రబోధకుడు 1944లో అక్కడి భూమి మీద గని హక్కు వేసి, గని మానేసి ఆరోగ్య నిలయం పెట్టి, నిఘంటువులో చివరి మాట తనదే అయ్యేలా ఈ పేరు కట్టాడు. డాక్టరు కాకపోయినా డాక్టరునన్నాడు. సర్వరోగ నివారిణులు అమ్మాడు. ప్రభుత్వానికి ఆయన్ని ఖాళీ చేయించడానికి 1974 దాకా పట్టింది. ముప్పై ఏళ్ళు! ఇవాళ ఆ భవనాల్లో ఎడారి జీవుల మీద పరిశోధన చేసే కేంద్రం నడుస్తోంది. ఆయన మందులకన్నా ఇదే నయమని బల్లులు అనుకుంటూ ఉండాలి.

కానీ ఈ రంగంలో చక్రవర్తి ఎవరంటే నేను తడుముకోకుండా రాబర్ట్ మెకల్లా పేరు చెబుతాను. రంపాల వ్యాపారి. అరిజోనా ఎడారిలో లేక్ హవాసు సిటీ అని ఊరు కట్టాడు. ఊరు వేశాడు గానీ స్థలాలు కొనేవాళ్ళు రావాలి కదా. అదే సమయంలో లండన్‌లో థేమ్స్ నది మీద 1831 నాటి వంతెన బరువు తట్టుకోలేక మెల్లగా దిగబడుతోంది. పాత సైకిల్ అమ్మినట్టు లండన్‌వాళ్ళు దాన్ని అమ్మకానికి పెట్టారు. ఈయన 1968లో 24,60,000 డాలర్లకు కొన్నాడు. ఆ పైన ఉన్న 60 వేలు ఎందుకంటే, వంతెన లేచేనాటికి తనకు అరవై ఏళ్ళు వస్తాయి కాబట్టి ఏడాదికి వెయ్యి చొప్పున కలిపాడని చెప్పుకుంటారు. వియ్యాలవారు కట్నం కూడా ఇంత ముచ్చటగా లెక్కకట్టరు.

రాళ్ళకు నంబర్లు వేసి ఓడలో తెచ్చారు. కాంక్రీటు ఒళ్ళు కట్టి దాని మీద ఆ రాళ్ళు తొడిగారు. ఇక్కడే మీరు కాస్త ఆగి ఆలోచించాలి. వంతెన కట్టింది నీటి మీద అనుకుంటున్నారేమో. పొడి నేల మీద. వంతెన పూర్తయ్యాక దాని కింద కాలువ తవ్వి, సరస్సు నీళ్ళు వదిలారు. అంటే మామూలు ప్రపంచంలో నది అడ్డం వస్తే వంతెన కడతాం. ఇక్కడ వంతెన వచ్చింది కాబట్టి నీళ్ళు వచ్చి కింద నిలబడ్డాయి. 1971లో ఘనంగా ప్రారంభోత్సవం. మెడలో వేసిన గంట మోగాలి కాబట్టి ఎద్దును కొన్నట్టుంది కథ. నవ్వొచ్చు. కానీ ఊరు నిండింది, స్థలాలు అమ్ముడుపోయాయి. మా బావమరిది రియల్ ఎస్టేట్‌లో పన్నెండేళ్ళున్నాడు. ఆ వంతెన మీద చాలాసేపు మాట్లాడకుండా నిలబడి, “బావా, మనం అప్రోచ్ రోడ్డే చూపిస్తూ కూర్చున్నాం” అన్నాడు. గొంతులో నిజమైన బాధ.

వంతెనంటే డబ్బున్నవాడి పని. డబ్బు లేనివాడికి ఎడారి ఒక గొప్ప వసతి ఇచ్చింది, అదే బోర్డు. ఇంటర్‌స్టేట్ 10 మీద అరిజోనాలో బెన్సన్, విల్‌కాక్స్ ఊళ్ళ మధ్య ఒక చోటుంది. దాని పేరు “ది థింగ్”. వస్తువు, అంతే. వెనకాల ఒక ప్రశ్నార్థకం. దానికోసం ఎన్నో మైళ్ళ ముందునుంచే పసుపు బోర్డులు మొదలవుతాయి. ఏమిటీ వస్తువు? అని ఒకటి. మిస్టరీ! అని ఇంకొకటి. మొదటి బోర్డుకు మేం నవ్వాం. ఐదో బోర్డుకు నోరు మూసుకున్నాం. పదో బోర్డు దాటేసరికి వ్యానులో రెండు పార్టీలు తయారయ్యాయి. శవమని మా ఆవిడ, దిష్టిబొమ్మని ఆవిడ మరదలు. దాని కోసం బోర్డులున్న దూరమంతా ఎవరూ నిద్రపోలేదు, ఎవరూ ఫోను చూడలేదు, పిల్లలు కొట్టుకోలేదు. మా రెండు కుటుంబాల చరిత్రలో అంత సఖ్యత పెళ్ళిచూపుల రోజున కూడా లేదు.

తీరా అక్కడేముంది? చెప్పను. దాచిపెట్టాలని కాదు. చెబితే ఏమీ ఉండదు. పెట్రోలు బంకు, ఐస్‌క్రీం, అయస్కాంతపు బొమ్మలు, వాటి వెనకాల టికెట్టు కొనుక్కుని చూసే ఆ వస్తువు. 2018లో కొత్త హంగులు చేసి డైనోసార్లనూ గ్రహాంతరవాసులనూ కలిపారు కాబట్టి ఇప్పుడు అయోమయం మూడింతలు. అక్కడ నేను గమనించింది వేరే. మాకంటే ముందు వచ్చిన నాలుగు కుటుంబాలూ నేరుగా టాయిలెట్‌కు వెళ్ళాయి. మేమూ అంతే. వస్తువు సంగతి ఆ తరవాత. ఈ పరిశ్రమ మర్మమంతా అక్కడుంది గానీ, ఏ బోర్డు మీదా ఆ మాట రాయరు. రాస్తే మర్యాద పోతుంది.

అరిజోనాలోనే రూట్ 66 అనే పాత హైవే మీద జోసెఫ్ సిటీ దగ్గర ఒక కొట్టువాళ్ళు ఇంకా నిజాయితీపరులు. పసుపు బోర్డు మీద నల్ల కుందేలు బొమ్మ, పక్కన ఒకే మాట: ఇదిగో ఇక్కడే. ఏమిటి ఇక్కడ? అడక్కూడదు. ఫొటో దిగాలి.

దానికి కాస్త దూరంలో పెట్రిఫైడ్ ఫారెస్ట్ ఉంది. 20 కోట్ల ఏళ్ళ పైచిలుకు నాటి మానులు రాళ్ళయి పడి ఉంటాయి. జాతీయ పార్కు, ఏరుకుపోవడం నేరం. అయినా జనం జేబులో ఒక ముక్క వేసుకుంటారు. ఇంటికి వెళ్ళాక ఉద్యోగం పోతుంది, కారు చెడిపోతుంది, కాపురంలో కలతలు వస్తాయి. అన్నిటికీ ఆ రాయే కారణమని తేలుతుంది. అప్పుడు క్షమాపణ ఉత్తరం రాసి రాయిని పోస్టులో తిప్పి పంపుతారు. శనీశ్వరుడికి తైలాభిషేకం చేయించడంకన్నా స్టాంపులు చవకే. అయితే ఏ ముక్క ఎక్కడిదో తెలియదు కాబట్టి, వచ్చినవాటిని మళ్ళీ అడవిలో వేస్తే శాస్త్ర పరిశోధన గందరగోళమవుతుందని పార్కువాళ్ళు వాటిని ఒక పక్కన కుప్ప పోశారు. దాని పేరు మనస్సాక్షి గుట్ట. నా దృష్టిలో పార్కు మొత్తంలో చూడవలసింది అదొక్కటే. మిగతావి చెట్లు మాత్రమే.

నాలుగు రాష్ట్రాలు కలిసే ఫోర్ కార్నర్స్ దగ్గర పెద్ద మనుషులు, చదువుకున్నవాళ్ళు, నాలుగు కాళ్ళ మీద వంగి ఒక్కో అవయవం ఒక్కో రాష్ట్రంలో పెట్టి ఫొటో దిగుతారు. అనుకున్న చోటికి ఆ గుర్తు దాదాపు 1,800 అడుగులు పక్కకు పడిందని తరవాత లెక్కలు చెప్పాయి. అయినా పాతిన రాయే హద్దు, చట్టప్రకారం అదే సరి. పొలం గట్టు తగాదాల్లో పుట్టి పెరిగినవాళ్ళం, మనకు ఈ తీర్పు వివరించనక్కర్లేదు.

టెక్సస్‌లో వాలెంటైన్ అనే ఊరికి దగ్గర, కనుచూపు మేరలో ఇంకేమీ లేని రోడ్డు మీద, ఖరీదైన చెప్పులూ సంచులూ అమ్మే ఇటలీ కంపెనీ ప్రాడా పేరుతో ఒక కొట్టు కనిపిస్తుంది. ఇద్దరు కళాకారులు 2005లో కట్టారు. తలుపు తెరుచుకోదు. కట్టిన కొద్ది రోజులకే దొంగలు చెప్పులూ సంచులూ ఎత్తుకెళ్ళారు. ఇప్పుడు లోపల ఉన్న చెప్పులన్నీ కుడికాలివే. గుడి బయట చెప్పులు వదిలి లోపల మనశ్శాంతి లేక అల్లాడే భక్తులు ఈ ఉపాయం గమనించాలి.

నెవాడా కథ వేరు. గ్రహాంతరవాసులను దాచారని జనం చెప్పుకునే రహస్య సైనిక స్థావరం ఏరియా 51 పక్కగా పోయే 98 మైళ్ళ రోడ్డుకు ప్రభుత్వమే 1996లో గ్రహాంతరవాసుల రహదారి అని పేరు పెట్టింది. ఆ పేరు బోర్డు మీద ఇప్పుడు స్టిక్కర్లు తప్ప అక్షరాలు కనిపించవు. 2019లో అందరం కలిసి ఆ స్థావరంలోకి పరిగెత్తుదామని ఫేస్‌బుక్‌లో ఒకరు పిలుపునిస్తే 20 లక్షల మందికి పైగా వస్తామన్నారు. ఆ రోజు ఆ చుట్టుపక్కల కనిపించింది కొన్ని వేలమంది. గేటు దాకా వెళ్ళింది వందల్లోనే. పెళ్ళికి వెయ్యి విస్తళ్ళు చెప్పి మూడొందలమందే వస్తే ఆ తండ్రి పడే టెన్షన్ తెలిసినవాళ్ళు, గ్రహాంతరవాసుల వైపు నుంచి కూడా ఆలోచించాలని మనవి.

అరిజోనాలోని ఓట్‌మన్‌లో మటుకు మాకు అవమానం జరిగింది. బంగారు గనులు మూతపడ్డాక కూలీలు వదిలేసి పోయిన గాడిదల సంతానం ఇప్పుడు ఆ ఊరి నడివీధిలో తిరుగుతుంది. ఒకటి మా వ్యానుకు అడ్డంగా నిలబడింది. హారన్ కొట్టకూడదట. పది నిమిషాలు చూశాం. చివరికి మా బావమరిది దిగి చేతులు జోడించాడు. వసుదేవుడంతటివాడే గాడిద కాళ్ళు పట్టుకున్నాడు, వీడెంత. అది కిటికీలోంచి తల లోపలపెట్టి మా ఆవిడ ఒళ్ళో ఉన్న రోడ్డు మ్యాపు వాసన చూసి, పనికిరాదని తేల్చుకుని, నింపాదిగా కదిలింది.

ఆఖరి రోజు మధ్యాహ్నం మొజావే ఎడారిలో ఎక్కడో, ఏ బోర్డూ లేని చోట, డ్రైవింగ్ మారదామని రోడ్డు పక్కన ఆపాం. కాళ్ళు సాగదీసుకుంటూ మా బావమరిది దూరంగా ఉన్న ఒక గుట్ట వైపు ఊరికే చూస్తున్నాడు. వెనకాల వస్తున్న ఎర్ర కారు మెల్లగా వచ్చి ఆగింది. భార్యాభర్తలు దిగారు, వాళ్ళూ అటే చూశారు. నిమిషం తిరక్కుండా ఒక క్యాంపర్ వ్యాన్. అందులోంచి కెమెరా స్టాండు సహా దిగారు. ఒకాయన గుసగుసగా, “ఏది? ఎక్కడ?” అని అడిగాడు. మా వాడు ఒక్క క్షణం తటపటాయించి, వేలు చాపి, “అదిగో, రెండో బండ” అన్నాడు. ఆయన చాలాసేపు చూసి గౌరవంగా తలాడించాడు. క్యాంపర్ వెనకే ఇంకో కారు ఆగింది. అందులోని పెద్దావిడ అద్దం దించి, బండ వైపు చూడనైనా చూడకుండా, ఇక్కడ టాయిలెట్ ఎటువైపు అని అడిగింది.