యేసు కథ కాపీనా? పోలికలు సరే, తేదీలు చూశారా?

డిసెంబరు రాగానే వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ తిరగడం మొదలవుతుంది. ఈజిప్టు దేవుడు హోరస్ డిసెంబరు 25న కన్యకు పుట్టాడు, పన్నెండు మంది శిష్యులు, సిలువ, మూడో రోజున లేవడం. రోమన్లు కొలిచిన మిత్ర దేవుడిదీ అదే కథ. కాబట్టి యేసు కథ కాపీ అన్నది దాని సారాంశం. వెంటనే అవతలి వైపు నుంచి ఓ వీడియో దిగుతుంది. క్రైస్తవం మీద ఏ అన్యమతం నీడా పడలేదు, అంతా దుష్ప్రచారం అంటుంది. ఇద్దరూ గట్టిగానే మాట్లాడతారు గానీ, ఏ నమ్మకం ఏ కాలంలో మొదలైందన్న ప్రశ్న జోలికి మాత్రం పోరు.

ముందు హోరస్ సంగతి. గ్రీకు రచయిత ప్లూటార్క్ చెప్పిన కథలో హోరస్ తండ్రి ఒసిరిస్ శరీరాన్ని శత్రువు 14 ముక్కలు చేస్తాడు. భార్య ఐసిస్ వాటిని వెతికి పోగుచేస్తుంది. చనిపోయిన భర్త వల్లే ఆమెకు హోరస్ కలిగాడని ఈజిప్టు సంప్రదాయం. ఇందులో కన్య లేదు, హోరస్‌ను సిలువ వేసిన ప్రస్తావన ఏ ఈజిప్టు రాతలోనూ లేదు. ఒసిరిస్ కూడా తిరిగొచ్చి రాజ్యమేలడు, మృతుల లోకానికి రాజవుతాడు. మిత్రకైతే తల్లే లేదు. రోమన్ శిల్పాల్లో ఆయన రాతి నుంచి, కత్తీ కాగడా పట్టుకుని పుట్టుకొస్తాడు. ఎద్దును చంపుతాడు తప్ప తాను చావడు. పైగా రోమన్ మిత్ర ఆరాధనకు మనకు దొరికే ఆధారాలు ఒకటో శతాబ్దం చివర్లో మొదలవుతాయి.

తొలితరం క్రైస్తవ ప్రచారకుడు పౌలు కొరింథీయులకు మొదటి లేఖ రాసింది సుమారు క్రీ.శ. 55లో. క్రీస్తు చనిపోయాడని, సమాధి అయ్యాడని, మూడో దినాన లేచాడని అందులో రాస్తూ, ఇది తనకూ ఇంకొకరు అప్పగించిన సంగతేనని చెబుతాడు. అంటే నమ్మకం అంతకంటే పాతది. దాని భాషంతా యూదులది. యూదుల పస్కా పండుగ గొర్రెపిల్ల, యెషయా ప్రవచనం, మృతులు మేల్కొంటారన్న దానియేలు గ్రంథపు మాట... ముడిసరుకు ఇంట్లోనే ఉంది. విగ్రహానికి పెట్టిన మాంసం తినొచ్చా లేదా అని తర్జనభర్జన పడిన ఆ మొదటి తరం, నైలు ఒడ్డుకు వెళ్లి దేవుణ్ని అరువు తెచ్చుకుందంటే నాకు నమ్మబుద్ధి కాదు.

అలాగని ఆ యూదుల ఇంటికి కిటికీలు లేవనీ కాదు. అలెగ్జాండ్రియాలో ఫైలో అనే యూదు తత్వవేత్త గ్రీకుల ‘లోగోస్’ (వాక్కు, విశ్వాన్ని నడిపే బుద్ధి) భావనను మోషే ధర్మశాస్త్రంతో ముడివేశాడు. యోహాను సువార్త ‘ఆదియందు వాక్యముండెను’ అని మొదలైతే, ఈ లోగోస్ గురించి చెప్పిన స్టోయిక్ తత్వవేత్తల గురించి విన్న ఏ గ్రీకు పాఠకుడికైనా అది కొత్త మాట అనిపించదు. ఏథెన్సులో పౌలు ‘మనమాయన సంతానము’ అంటూ ఉదహరించిన గ్రీకు పద్యపాదం అరాటస్ అనే కవిది. అది గ్రీకుల పెద్ద దేవుడు జ్యూస్‌ను కీర్తించే పద్యం! లుస్త్ర పట్టణంలో జనం ఇదే పౌలునీ, తోడున్న బర్నబానీ చూసి హెర్మే, ద్యుపతి (అంటే జ్యూస్) దిగివచ్చారని ఎద్దుల్ని తోలుకొస్తే, ఆయన బట్టలు చింపుకున్నాడు. దేవుళ్లను ససేమిరా అంటూనే కవులను వాడుకున్నాడన్నమాట.

పోలికలు ఇప్పటి నాస్తికులు కనిపెట్టినవేమీ కావు. క్రీ.శ. 150ల్లో రోములో జస్టిన్ అనే క్రైస్తవుడు చక్రవర్తికి రాసుకున్న విన్నపంలో వాటిని తానే ఏకరువు పెట్టాడు. మీ పెర్సియస్ కన్యకు పుట్టాడంటారు, మీ అస్క్లేపియస్ రోగుల్ని బాగుచేశాడంటారు, మేం చెబితేనే నేరమా అని అడిగాడు. ఇంకాస్త ముందుకెళ్లి, మిత్ర భక్తులు రొట్టె, నీళ్ల గిన్నె పెట్టుకుని మంత్రాలు చదవడం మా ప్రభు భోజనానికి దయ్యాలు చేసిన నకలు అన్నాడు. కేసు గెలవాలనుకునే వకీలు తీరు ఇది. అవసరమైన చోట పోలిక, ఇబ్బందైన చోట దయ్యాలు. అయినా ఒక సంగతి తెలుస్తోంది. రెండో శతాబ్దం నాటికి ఈ రెండు ఆరాధనలూ ఒకే నగరంలో పక్కపక్కనే ఉన్నాయి, ఒకదాన్నొకటి గమనిస్తున్నాయి. రోములోని శాన్ క్లెమెంటే చర్చి కింద ఇప్పటికీ మిత్ర ఆలయం ఉంది. కలిసి భోంచేయడం మాత్రం ఆ కాలపు మధ్యధరా తీరంలో ప్రతి భక్త సమాజానికీ ఉన్న అలవాటే. దాన్ని బట్టి ఎవరు ఎవర్ని కాపీ కొట్టారో తేల్చలేం.

అసలు కథ నాలుగో శతాబ్దంలో ఉంది. 354లో రోములో తయారైన ఒక పంచాంగంలో డిసెంబరు 25న ‘అజేయుడి’ జన్మదినం, దానికి 30 రథాల పందేలు అని రాసి ఉంది. ఆ అజేయుడు సూర్యుడని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. అదే సంపుటిలోని అమరవీరుల జాబితాలో క్రీస్తు బేత్లెహేములో పుట్టింది కూడా ఆ రోజే. ఆ జాబితా 336 నాటిదని అంచనా. చక్రవర్తి ఆరేలియన్ సూర్యదేవుడికి గుడి కట్టించి అంకితం చేసింది 274లో. కాబట్టి పండుగ సూర్యుడి నుంచే వచ్చిందని సులువుగా అనేయొచ్చు. కానీ ఇంకో లెక్క కూడా ఉంది. మూడో శతాబ్దపు తొలి రోజుల్లోనే లాటిన్ క్రైస్తవులు యేసు మరణాన్ని మార్చి 25కి కట్టారు. గర్భంలో పడిందీ అదే రోజున అనుకుంటే, తొమ్మిది నెలలకు డిసెంబరు 25 వస్తుంది. తూర్పున ఏప్రిల్ 6 నుంచి లెక్కేస్తే జనవరి 6. ఆర్మేనియన్ చర్చి ఇప్పటికీ ఆ రోజునే పండుగ చేస్తుంది. నా ఉద్దేశంలో తేదీ లెక్కల్లోంచి పుట్టి ఉండొచ్చు, కానీ రోములో అది అంత త్వరగా పాతుకుపోవడానికి సూర్యుడి వెలుగు సాయపడింది. సెయింట్ పీటర్స్ చర్చి కింది శ్మశానంలో తలచుట్టూ కిరణాలతో రథమెక్కిన క్రీస్తు మొజాయిక్ ఉంది. ఆ చర్చి మెట్ల మీదే భక్తులు వెనక్కి తిరిగి సూర్యుడికి దండం పెట్టి మరీ లోపలికి వస్తున్నారని ఐదో శతాబ్దంలో పోప్ లియో మందలించాడు.

ఆదివారం విషయం వేరు. దాన్ని రోమన్ చక్రవర్తి కాన్‌స్టాంటైన్ సూర్యారాధన నుంచి తెచ్చాడంటారు గానీ, ఆయన 321లో ఇచ్చింది సెలవు మాత్రమే. ఆదివారం కూడికను జస్టిన్ అప్పటికి 160 ఏళ్లకు పైగా ముందే వర్ణించాడు. ఇక ఒడిలో బిడ్డతో ఐసిస్, ఒడిలో బిడ్డతో మరియ: పోలిక కళ్లకు కొట్టొచ్చినట్టుంటుంది, ఈజిప్టు చిత్రకారుల చేతికి పాత నమూనా అలవాటై ఉండొచ్చు. మరియను దేవుని తల్లిగా ఒప్పుకున్న సభ 431లో జరిగింది ఒకనాటి అర్తెమి దేవత నగరం ఎఫెసులోనే. కానీ అక్కడి గొడవ దేవత గురించి కాదు, క్రీస్తు స్వభావం గురించి.

తర్వాతి కాలంలో పాత ఆచారాలను ఇలా కలుపుకోవడం అధికారిక విధానమే అయింది. 601లో పోప్ గ్రెగరీ ఇంగ్లండులోని మిషనరీలకు రాసిన ఉత్తరంలో గుళ్లు కూల్చొద్దు, విగ్రహాలు తీసేసి తీర్థం చల్లి వాడుకోండి, పశువుల విందులు దేవుడి పేరున సాగనివ్వండి అన్నాడు. గుణదల మేరీమాత తిరునాళ్లలో తలనీలాలు ఇచ్చేవాళ్లను చూసిన మనకు ఇందులో ఆశ్చర్యపోవాల్సిందేమీ లేదు.

తమాషా ఏమిటంటే, ‘ఇదంతా అన్యాచారం’ అన్న దాడిని బాగా పదును పెట్టింది క్రైస్తవులే. ప్రొటెస్టెంట్లు రోమన్ కాథలిక్కుల మీద శతాబ్దాలపాటు ప్రయోగించిన ఆయుధమది. మసాచుసెట్స్‌లోని ప్యూరిటన్లు అనే కరడుగట్టిన ప్రొటెస్టెంట్లు 1659లో క్రిస్మస్‌ను నిషేధించి, జరుపుకుంటే ఐదు షిల్లింగుల జరిమానా పెట్టారు. 1681 దాకా అది ఎత్తేయలేదు. తెలుగునాట కూడా బైబిల్లో లేదు కాబట్టి క్రిస్మస్ చేయబోమనే సంఘాలు ఉన్నాయి. పండుగ మానేసిన వాళ్లెవరికీ పునరుత్థానం మీద నమ్మకం ఇసుమంతైనా సడలలేదు. మొదటి శతాబ్దపు యెరూషలేములో పుట్టిన నమ్మకానికీ, నాలుగో శతాబ్దపు రోములో కుదిరిన తేదీకీ మధ్య మూడు వందల ఏళ్ల ఎడం ఉంది మరి.