సవరణ: పళ్ళెం తరంగానిది, పేరిణి వేరే

నెల్లూరుకి ఈ సీజన్‌లో వస్తున్న నాట్య బృందాల గురించి మొన్న రాసినదాంట్లో రెండు తప్పులు దొర్లాయి. ఇత్తడి పళ్ళెం మీద నిలబడి ఆడేది ఒడిస్సీ అన్నాను. కాదు, అది కూచిపూడిలో తరంగం అనే అంశం. మా వీధిలో డాన్స్ నేర్పే అక్క చదివి నవ్వింది. పళ్ళెం తెచ్చి చూపించింది కూడా. పాదాల వేళ్ళు అంచుని పట్టుకుంటాయి, మడమలు కదుపుతుంటే పళ్ళెం తాళానికి తగ్గట్టు ముందుకు జరుగుతుంది. నేను ఎక్కబోతే గోడ పట్టుకోవాల్సి వచ్చింది! తరంగానికి పాడే పాట నారాయణ తీర్థుల కృష్ణలీలా తరంగిణిలోది.

రెండోది, పేరిణి అనే నాట్యాన్ని కూచిపూడిలో ఒక భాగంగా రాశాను. అదీ తప్పే. పేరిణి కాకతీయుల కాలం నాటిది. కాకతీయ గణపతిదేవుడి సేనాని జాయప రాసిన నృత్త రత్నావళి అనే నాట్య గ్రంథం, రామప్ప గుడి శిల్పాల ఆధారంగా నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణ దానికి మళ్ళీ ప్రాణం పోశారు.

ఇంకో మాట. ప్రదర్శన మొదలయ్యేది ఆరింటికి, ఆరున్నరకి కాదు. నా మాట నమ్మి కావలి నుంచి బస్సులో వచ్చినావిడకి మొదటి అంశం పోయింది. ఆవిడకి సారీ.