తోటలో కొబ్బరి, గట్టున తాటి: మామా అల్లుళ్ల వాదం

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటింది. ఆ జిల్లా తీరంలోని ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి, పనస తోటలు ఆ ఒక్క పూటలోనే నేలకొరిగాయి. ఏటా అదే తేదీన ఊరంతా కలిసి మొక్కలు నాటాలని అక్కడి ఒక ఊరు తీర్మానించిందనుకుందాం. ఏం నాటాలన్న దగ్గర మామకీ, హైదరాబాద్‌లో పనిచేసే అల్లుడికీ పేచీ వచ్చింది. మనుషులు కల్పితం. పేచీ కాదు.

మామ: పోయింది కొబ్బరి, పెట్టేదీ కొబ్బరే. అదీ నాటు రకం. ఇంటికో మొక్క. ఇందులో వాదించడానికి ఏముందిరా?

అల్లుడు: ఆ నాటు చెట్లే కదా మామా పడిపోయాయి! కొబ్బరికి తల్లివేరు ఉండదు, అన్నీ పీచు వేళ్లే. మన ఇసుక నేల వానకి వదులైపోయి, పైన గంటకి 150 కిలోమీటర్ల గాలి వీస్తుంటే అరవై అడుగుల మానుని అవేం పట్టుకుంటాయి? 2013లో ఫైలిన్, మళ్లీ 2018లో తిత్లీ. మధ్యలో ఐదేళ్లు. నాటు కొబ్బరి కాపుకి రావడానికే ఆరేడేళ్లు.

మామ: తుపాను లేని కాలం మా తాతలు చూశారా? అయినా తోటలు పెంచారు. జీడి డబ్బు ఏడాదికి ఒకసారే కనబడుతుంది. కొబ్బరి అలా కాదు, ఏడాది పొడవునా కాయ దింపులుంటాయి. కిడ్నీ జబ్బుతో డయాలసిస్‌కి తిరిగేవాడికి బస్సు చార్జీ ఎక్కడి నుంచి వస్తుందనుకున్నావు?

అల్లుడు: సరే, కొబ్బరే పెట్టు. కోనసీమలోని అంబాజీపేట కొబ్బరి పరిశోధన స్థానం వాళ్ల గోదావరి గంగ రకం పెట్టు. హైబ్రిడ్ కాబట్టి నాలుగేళ్లకే కాపు మొదలవుతుంది.

మామ: నీళ్లూ ఎరువూ తగ్గితే అది అలుగుతుంది. నాటు చెట్టు అలగదు. అరవై ఏళ్లు నిలబడుతుంది.

అల్లుడు: తుపాను రాకపోతే!

మామ: (విసుగ్గా) ఊఁ.

అల్లుడు: పోనీ, తాటిచెట్లు చూడు. గాలికి కొబ్బరి పడ్డట్టు తాటి పడదు. సముద్రం వైపు వరసగా తాటి, సరుగుడు వేసి, వాటి వెనక నీ కొబ్బరి పెట్టుకో.

మామ: సరుగుడు విరగలేదా మొన్న?

అల్లుడు: విరిగింది. విరిగినా గాలి ఊపు కొంత అదే తిన్నది. నాలుగైదేళ్లకి మళ్లీ ఎదిగి కోతకొస్తుంది.

మామ: తాటి కాపుకి పన్నెండేళ్లు పైనే. ఎవడు చూస్తాడు?

అల్లుడు: కాపు కోసం కాదు మామా, కాపలా కోసం.

మామ: మాట బాగుంది. కానీ అర ఎకరం ఉన్నవాడిని గట్టు మీద చోటు అడుగుతున్నావు. అసలు సంగతి అది కాదు, ఒకటి చెప్పు. అక్టోబరు 11న వస్తావు, మొక్కతో ఫొటో దిగుతావు, 12న రైలెక్కుతావు. మే నెలలో నీళ్లెవరు పోస్తారు? మొదటి మూడు వేసవులు తడి అందకపోతే ఏ రకమైనా ఎండిపోతుంది. నాటు, హైబ్రిడ్ అని నాకు పాఠాలు చెబుతున్నావు!

(ఇక్కడ మామదే పైచేయి అని నా లెక్క. చాలా ఊళ్లలో సామూహికంగా నాటిన మొక్కలు గాలికి కాదు, నీళ్లు పోసేవాళ్లు లేక పోతాయి.)

అల్లుడు: బయట ఉన్నవాళ్లం తలా కొంత వేసుకుని, ఊళ్లోనే ఒకరికి నెలజీతం ఇస్తాం. మూడేళ్ల డబ్బు ముందే పంచాయతీ చేతిలో పెడతాం.

మామ: పంచాయతీ చేతిలో వద్దు. డ్వాక్రా సంఘం ఆడవాళ్ల చేతిలో పెట్టండి, లెక్క తేలుతుంది.

అల్లుడు: అలాగే. మరి తాటి?

మామ: దానికి డబ్బెందుకురా? భాద్రపదంలో పళ్లు తిని పారేసిన టెంకలు పోగేసి గట్టున పాతితే అవే లేస్తాయి. నీళ్ల గొడవా లేదు. అది నేను చూసుకుంటాను. తోటలోకి మాత్రం హైబ్రిడ్ రానివ్వను.

అల్లుడు: సగం.

మామ: పావు. అదీ నీ వాటాలో.