ఉసిరి చెట్టు లేని వనభోజనం

పోయిన కార్తీకంలో వనభోజనాలకు వచ్చినవాళ్లకు ఆ మధ్యాహ్నం గుర్తుండే ఉంటుంది. అరకావా నది ఒడ్డు, నీలం పట్టాలు, అందరికీ సరిపోగా మిగిలిన గుత్తివంకాయ, ఎప్పటిలాగే తక్కువైన పెరుగు. టోక్యోలో ఉసిరి చెట్టు ఎక్కడ దొరుకుతుంది? నిషికసాయి కొట్లో కొన్న ఫ్రోజెన్ ఉసిరికాయలు నాలుగు పళ్లెంలో పెట్టి, ఒక కెయాకి చెట్టు మొదట్లో ఉంచి దీపం వెలిగించాం. గాలికి మూడుసార్లు ఆరింది. నాలుగోసారి ఎవరూ వెలిగించలేదు, అప్పటికే తంబోలా మొదలైంది.

భోజనాలయ్యాక కార్యదర్శి గారు నాకు మైకిచ్చి, వచ్చే ఏడాది సంఘం యాత్ర ఎక్కడికో చెప్పమన్నారు. రెండు నెలలు కూర్చుని వేసిన ప్లాను నా దగ్గరుంది. యకుషిమా దీవి అన్నాను.

"అక్కడ ఏముంటుంది?"

"అడవి."

"అడవి సరే, ఇంకా?"

ఇంకా ఏం చెప్పాలో నాకు తోచలేదు. పెద్ద చెట్టు దగ్గరికి పోను రాను 22 కిలోమీటర్లు, పది గంటల నడక అన్నాను. "చెట్టు కోసం పది గంటలా? మా ఊరి మర్రిచెట్టు ఫొటో ఫ్రీగా పంపిస్తా" అని వెనక నుంచి ఒకాయన. దారిలో మరుగుదొడ్లు తక్కువ, సంచీ టాయిలెట్ వెంట తీసుకెళ్లాలి, వాడింది మనమే కిందికి మోసుకురావాలి అని కాగితంలో రాసుకున్నది రాసుకున్నట్టు చదివాను. అది చదవకుండా ఉండాల్సింది. నవ్వులు తగ్గడానికి రెండు నిమిషాలు పట్టింది. చేతులెత్తించారు. టోక్యో దగ్గరి హకోనేకు ఒకరోజు బస్సు యాత్ర నెగ్గింది.

నవ్వు సంగతి వదిలేయండి, నేనైనా నవ్వేవాణ్ణే. గుచ్చుకున్నది తర్వాత జరిగింది. పార్కు చూసుకునే పెద్దాయన అప్పటికి రెండుసార్లు వచ్చి, వంగి దండం పెట్టి, పాటల సౌండు కాస్త తగ్గించమని అడిగి వెళ్లాడు. రెండుసార్లూ తగ్గించాం, ఆయన కనుమరుగవగానే రెండుసార్లూ పెంచాం. సాయంత్రం సామాన్లు సర్దుకుని వెళ్తూ వెనక్కి చూస్తే ఆయన కెయాకి చెట్టు కింద గొంతుక్కూర్చుని ఉన్నాడు. మనం మర్చిపోయిన పళ్లెం ఆయన చేతిలో ఉంది. ఉసిరికాయలు కరిగి నీళ్లలో తేలుతున్నాయి. ఒకటి తీసి వాసన చూశాడు. నన్ను చూసి, తినేదా అని అడిగాడు. దేవుడికి పెట్టింది అన్నాను. "ఓహో" అని పళ్లేన్ని రెండు చేతులతో తిరిగి చెట్టు మొదట్లోనే, మొదట ఉన్న చోటే పెట్టేశాడు. ఆయన అటు వెళ్లాక నేను దాన్ని సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చాను. స్టేషన్ దాకా సంచి కారుతూనే ఉంది.

ఇక మైకు ముందు చెప్పలేకపోయింది చెబుతాను.

యకుషిమా, జపాన్ దక్షిణాన ఉన్న పెద్ద దీవి క్యూషూ దక్షిణపు కొసకు దాదాపు 60 కిలోమీటర్ల దూరంలో ఉంది. వైశాల్యం 500 చదరపు కిలోమీటర్ల పైచిలుకు, అందులో తొంభై శాతం అడవే. సముద్రంలోంచి తిన్నగా లేచిన రాతికొండ అనుకోండి. మియనోఉరా శిఖరం ఎత్తు 1,936 మీటర్లు, క్యూషూ మొత్తంలో అంతకన్నా ఎత్తైన కొండ లేదు. సముద్రం మీది తేమంతా ఆ కొండలకు తగిలి అక్కడే కురుస్తుంది. హైదరాబాదులో ఏడాదికి 800 మిల్లీమీటర్లు అటూ ఇటూ పడితే, అక్కడ ఒడ్డునే 4,000 దాటుతుంది, కొండల మీద 8,000 కూడా దాటుతుంది. నెలకు 35 రోజులు వాన అని అక్కడో మాట ఉంది. మనుషులు 20,000, కోతులు 20,000, జింకలు 20,000 అని పాతకాలపు లెక్క ఒకటి చెబుతారు. ఇప్పుడు మనుషులు పన్నెండు వేలకు పడిపోయారు. కోతుల్ని అడిగితే వాటి లెక్క అవి చెబుతాయి.

అక్కడి దేవదారుల్లో వెయ్యేళ్లు దాటినవాటినే యకుసుగి అంటారు. అంతకు తక్కువవి కొసుగి, అంటే పిల్ల చెట్లు. మన కాకతీయుల కాలంలో మొలిచిన చెట్టు అక్కడ ఇంకా పిల్లే. బలంలేని మట్టి కాబట్టి నెమ్మదిగా పెరుగుతాయి, నెమ్మదిగా పెరుగుతాయి కాబట్టి కలప గట్టిగా, బంకతో నిండి ఉంటుంది, త్వరగా పుచ్చదు. అన్నిటికన్నా పేరున్నది జోమోన్ సుగి. మొదలు చుట్టుకొలత 16 మీటర్లకు పైనే. వయసు 2,000 ఏళ్ల నుంచి 7,200 ఏళ్ల దాకా ఎవరి లెక్క వాళ్లది. పూర్వం ఇంటికప్పు చెక్క పెంకుల కోసం నిటారు చెట్లన్నీ నరికి పన్ను కింద కట్టారు. ఇది వంకరలు, బొడిపెలతో ఉండటం వల్ల గొడ్డలి దీని జోలికి పోలేదు.

దాని దగ్గరికి వెళ్లే దారిలో మొదటి 8 కిలోమీటర్లు కలప మోసిన చిన్న రైలు పట్టాల మీదే. (ఆ దారి మొదలయ్యే చోటు పేరు కూడా అరకావాయే. మన వంకాయ కూర తిన్న అరకావా కాదు.) మధ్యలో కొసుగిదాని అనే ఊరుండేది, చెట్లు కొట్టేవాళ్ల ఊరు. 1960లో అక్కడ 540 మంది ఉండేవారట, బడి కూడా ఉండేది. 1970లో ఊరు మూతపడింది. ఇప్పుడు మిగిలింది పునాదులూ, వాటి మీద నాచూ. 1993లో ఈ దీవి ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కాక జనం పెరిగారు. జోమోన్ సుగి వేళ్లు తొక్కుడు పడుతున్నాయని 1996లో దూరంగా చెక్క మంచె కట్టారు. చెట్టును ముట్టుకోవడం కుదరదు, మంచె మీంచే చూడాలి.

ముట్టుకోవడం దగ్గరే మా అమ్మ కథ ఉంది.

మూడేళ్ల కిందట, మే చివర్లో, అమ్మ కాకినాడ నుంచి వచ్చినప్పుడు అక్కడికి తీసుకెళ్లాను. పది గంటల నడక ఆవిడ మోకాళ్ల వల్ల కాదు. షిరతాని ఉన్సుయిక్యో అనే లోయ ఉంది, అందులో యయోయి సుగి దాకా వెళ్లి రావడానికి గంట చాలు. ఆ చెట్టుకు మూడు వేల ఏళ్లుంటాయంటారు. వాన సన్నగా పడుతోంది. అమ్మ అద్దెకు తెచ్చిన నీలం రెయిన్‌కోటు వేసుకుని, చీర కుచ్చిళ్లు మోకాలి దాకా ఎత్తి దోపుకుని, మాటా పలుకూ లేకుండా నడిచింది. మాట్లాడకుండా మా అమ్మ నడవడం నేను అంతకుముందు తిరుమల మెట్ల మీద మాత్రమే చూశాను.

చెట్టు ముందుకు రాగానే జేబులోంచి కుంకుమ భరిణె తీసింది. నేను ఊహించనే లేదు, ఊహించాల్సింది. చెక్కదారి దిగి వేళ్ల మీద కాలు పెట్టబోతుంటే గైడు చెయ్యి అడ్డం పెట్టింది. ఆ దీవిలోనే పుట్టిన ఆవిడ, అమ్మకన్నా ఓ పదేళ్లు చిన్న. ముందు నా వైపు చూసింది, అనువాదం చెయ్యమని. నాకు సిగ్గేసింది, రెండు వైపులా. "అమ్మా, ఇక్కడ బొట్టు పెట్టకూడదట" అన్నాను. "చెట్టుకు బొట్టు పెట్టకపోతే పలకరించనట్టే కదరా" అంది అమ్మ. దాన్ని జపనీసులో ఎలా చెప్పాలో తెలియక, మా ఊళ్లో చెట్టుకు నమస్కారం ఇలాగే చేస్తారు అన్నాను.

గైడు కోప్పడలేదు. వాళ్ల ఊరి సంగతి ఒకటి చెప్పింది. దీవిలోని ఊళ్లకు దాకెమాయిరి అని కొండయాత్ర ఉంది, వసంతంలోనూ శరత్తులోనూ. ఊరి తరఫున కొందరు సముద్రపు ఒడ్డున ఇసుక తీసుకుని, కొండమీది చిన్న గుడి దాకా మోసుకెళ్లి సమర్పిస్తారు. తిరిగొచ్చేటప్పుడు ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్ల కోసం షకునగే పూల కొమ్మ తెస్తారు. చెట్టు కొట్టాలంటే ముందురోజు రాత్రి దానికి గొడ్డలి ఆనించి వచ్చేవారట. తెల్లారేసరికి గొడ్డలి పడిపోయి ఉంటే చెట్టు ఒప్పుకోలేదని అర్థం.

నేను తెలుగులో చెబుతుంటే అమ్మ శ్రద్ధగా వింది. "ఇసుకా?" అంది. కాసేపాగి, "సముద్రం దాకా దిగి రాలేని దేవుడికి సముద్రాన్నే తీసుకెళ్తున్నారన్నమాట" అంది. భరిణె మూత పెట్టి జేబులో వేసుకుని, చెక్కదారి మీద నుంచే చేతులు జోడించింది. మూత సరిగ్గా పడలేదు. తిరుగుదారిలో వాన పెద్దదైంది. ఎడమ జేబు నిండి, ఎర్రటి నీళ్లు రెయిన్‌కోటు అంచు నుంచి చెక్కల మీద చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి. అమ్మే ముందు చూసింది. వెంటనే కూర్చుని చేతిరుమాలుతో చెక్కలు తుడవడం మొదలుపెట్టింది. గైడు కూడా పక్కన కూర్చుని తుడిచింది. దుకాణంలో రెయిన్‌కోటు తిరిగిస్తే మరక చూసి తీసుకోలేదు, డబ్బు కట్టి ఇంటికి తెచ్చుకున్నాం.

మా నాయనమ్మ పొద్దుగూకాక చెట్టు మీద చెయ్యి వెయ్యనిచ్చేది కాదు, అవి నిద్రపోతాయిరా అనేది. తులసి ఒక్క రేకు కోయాలన్నా తెల్లారాల్సిందే. గొడ్డలి ఆనించి అడిగే ఊరికీ, నిద్రలేపొద్దనే ఇంటికీ ఎంత దూరం చెప్పండి. సింహాచలం గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లు రాత్రంతా చెప్పుల్లేకుండా నడిచే జనం మనం. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కుతాం. 22 కిలోమీటర్లంటే నవ్వొచ్చిందేం? గుడి లేకపోవడం వల్లేనేమో అని నా అనుమానం.

అలాగని మనవన్నీ మంచి అలవాట్లే అనను. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి చెదపురుగుల మందు ఎక్కించిన ఫొటోలు మీరూ చూసే ఉంటారు, జనాన్ని దూరంగా పెట్టి మరీ చేశారు. పూజించే చెట్టుకే మేకులు కొట్టి బోర్డు కట్టేదీ మనమే. నేనూ తక్కువవాణ్ణి కాదు. ఆ యాత్రలోనే, పడమటి అడవి దారిలో, కారు అద్దం దించి కోతిపిల్లకు అరటిపండు ముక్క చూపించాను. పెట్టలేదు, చూపించానంతే. దాని తల్లి బానెట్ మీదికి దూకింది. గైడు చెప్పిన మొదటి నియమమే వాటికి తిండి పెట్టకూడదని. నాకు అది వినపడింది కూడా.

కాదన్నవాళ్ల మాటల్లోనూ నిజం లేకపోలేదు. ఖర్చు ఎక్కువే. క్యూషూలోని కగోషిమా దాకా విమానం, అక్కడి నుంచి వేగం పడవలో రెండు మూడు గంటలు, గాలి లేస్తే పడవే ఉండదు. నాలుగు గంటల ఫెర్రీ చవక, కానీ రోజులో సగం దానికే పోతుంది. ఐదేళ్ల లోపు పిల్లలతో జోమోన్ సుగి కుదరదు. శాకాహారులకు కష్టమే, దీవిలో ఎటు చూసినా ఎగిరే చేప వేపుడే. నడకకు వెళ్లేవాళ్ల కోసం తెల్లవారుజామునే బెంతో, అంటే డబ్బా భోజనం, కట్టిచ్చే కొట్లున్నాయి గానీ, ముందురోజే చెప్పాలి, అందులో ఏముందో మనకు తెలియాలి. చింతపండు పులిహోర సాయంత్రం దాకా పాడవదు, నా పాలిట అదే దిక్కయింది. టాయిలెట్ సంచీ సంగతికొస్తే, కొండమీది మరుగుదొడ్లు నిండితే మనుషులే వీపున మోసి దించాలి. ఒక్కరోజులో వెళ్లొచ్చే యాత్రికులు ఇచ్చే 1,000 యెన్ల చందా అలాంటి పనులకే. వాళ్ల వీపు మీద మోయించడం కన్నా నా సంచిలో నాది మోసుకోవడం నాకైతే చిన్నతనం అనిపించలేదు. చీకటితో నాలుగింటికి లేచి బస్సు పట్టుకోవడమే కష్టమనిపించింది. మార్చి నుంచి నవంబరు దాకా అరకావా మొదటికి సొంత కార్లు రానివ్వరు.

ఒకటి మాత్రం ఒప్పుకుంటున్నాను, నా ప్లానులో తప్పుంది. నలభై ఆరు మందిని ఒకేసారి రాశాను, మన బస్సు లెక్క అలవాటై. నలభై ఆరు మంది ఆ పట్టాల మీద ఒక వరసలో నడిస్తే వెనకొచ్చేవాళ్లకు దారుండదు. చివరివాడు "ఎంత దూరం?" అంటే మొదటివాడికి వినిపించాలని అరవాలి. హకోనేకు బస్సు వెళ్లనివ్వండి, నేనూ వస్తాను, అంత్యాక్షరిలో నా గొంతు మీకు తెలిసిందే. దీవికి మాత్రం ఎనిమిది మంది చొప్పున వెళ్దాం. ఒక గైడు, ఒక వ్యాను, స్పీకరు లేకుండా. పెద్దవాళ్లుంటే షిరతాని, ఓపికుంటే జోమోన్. సాయంత్రం నగాతా ఒడ్డుకు వెళ్తే, తాబేళ్లు గుడ్లు పెట్టే రోజులవి, అక్కడా టార్చి వెలిగించకూడదు.

కార్యవర్గానికి ఇంకో విన్నపం. వచ్చే కార్తీకానికి సౌండు సిస్టం అద్దె డబ్బులతో ఒక ఉసిరి మొక్క తెప్పించండి, కుండీలో. చలికాలం బయట ఉంచితే బతకదు, ఇంట్లో పెట్టుకోవాలి. మా బాల్కనీ తలుపు పక్కన చోటుంది. వనభోజనాల నాడు నేనే మోసుకొస్తాను, సాయంత్రం నేనే తీసుకెళ్తాను. ఆ పెద్దాయన అడిగితే ఇదేమిటో ఈసారి సరిగ్గా చెబుతాను.

గోల్డెన్ వీక్ సెలవుల రద్దీ తగ్గాక, మే మూడో వారానికి వ్యాను మాట్లాడి ఉంచాను. ఎనిమిది సీట్లలో మూడు నిండాయి. రెయిన్‌కోటు ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. లేనివాళ్లకు మా ఇంట్లో ఒకటి అదనంగా ఉంది, నీలం రంగుది, ఎడమ జేబు మాత్రం ఎర్రగా ఉంటుంది.