అటూఇటూగా పదకొండు

మాది తిరుపతి. సివిల్ ఇంజనీరుగా నెల్లూరు వచ్చి అప్పటికి పది రోజులు. ట్రంకు రోడ్డు దగ్గర మెస్సులో చేపల పులుసు కలుపుకుంటుంటే, ఎదురుగా కూర్చున్న రిటైర్డ్ మాస్టారు కదిలించారు.

"అబ్బయా, పదిహేను అంకణాల్లో ఇల్లు కట్టాలంటే ఏమాత్రం అవుద్ది?"

"ప్లాన్ చూడాలండీ. మట్టి చూడాలి. మెట్లు లోపలో బయటో తేలాలి..."

"అదంతా తర్వాత. ఊరికే సుమారుగా చెప్పు. నిన్నేమన్నా పట్టుకుంటామా?"

పట్టుకునేవాళ్లే ఆ మాట అంటారని నాకప్పటికి తెలీదు. అంకణాల కొలతను చదరపు అడుగుల్లోకి మార్చి, చదరపు అడుగు 2,000 చొప్పున ఎడమచేతి వేళ్ల మీద లెక్కేసి, "అటూఇటూగా పదకొండు లక్షలు" అన్నాను. మాస్టారు డైరీ తీసి 11 అని రాసి, కింద రెండు గీతలు కొట్టారు. అటూ రాయలేదు, ఇటూ రాయలేదు.

తొమ్మిది నుంచి పద్నాలుగు దాకా అని చెప్పాల్సింది అంటారు మా సీనియర్. చెప్పినా తొమ్మిదే రాసుకునేవారు!

వారం తిరిగేసరికి ఆ పదకొండు బంధువులందరికీ చేరింది. బ్యాంకు లోను కాగితాల్లోకీ ఎక్కింది. మాస్టారి ఇంటావిడ వంటగట్టుకు బంగారు చుక్కల చీమకుర్తి నల్లరాయి కూడా చూసొచ్చారు.

నేను స్థలానికి వెళ్లేసరికి మేస్త్రీ ముగ్గు పోసి ఉంచాడు. టేపు పెట్టి కొలిచాను. మళ్లీ కొలిచాను. 1,080 చదరపు అడుగులు. నా లెక్కలో 540.

"ఇదేంది మేస్త్రీ, డబుల్ పోశావు?"

"పదిహేను అంకణాలే గదా సార్. అంకణం 72 అడుగులు."

"36 కదయ్యా!"

"అది మీ తిరుపతిలో సార్."

మధ్యాహ్నం మాస్టారి వరండాలో కూర్చుని, ఇంటావిడ ఇచ్చిన మజ్జిగ సగం తాగాక, ఇరవై ఒకటిన్నర అని చెప్పాను. డైరీ బయటికొచ్చింది. రెండు గీతల పదకొండు నా వైపు తిరిగింది. అంకణాల కథంతా విన్నాక కూడా మాస్టారు ఆ అంకె మీద వేలు తీయలేదు.

లోపలి నుంచి ఆమె అన్నారు: "దానికంత టెన్షన్ ఎందుకు? వంటిల్లు, పూజగది నెల్లూరు అంకణాల్లో కట్టు అబ్బయా. ఈయన పేపరు చదువుకునే వరండాకు మీ తిరుపతి అంకణాలు చాలు."